రాబోవు పుష్కర వత్సరము – మన పూటకూళ్ల వ్యాపారము

(ముల్చేరలో మన సంఘ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



రాబోవు సంవత్సరమున హోటలు వ్యాపారమునకు ఎదురగు చిక్కులను గూర్చియు, కనవచ్చుచున్న ఆశలను గూర్చియు నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించిరి. హోటలు అనగనే నగరములలోని అంతస్తుల మేడలు మనస్సునకు తోచును. మన సీమలో ఆ మాటకు అర్థము వేరు. బస్సుస్టాండు చెంత అటుకులు, ఆలుబొండాలు అమ్ము రేకుల షెడ్డును హోటలే. నాలుగు గదుల లాడ్జియు హోటలే. గనిలో పనిచేయువారికి నెలకింత యని లెక్కకట్టి రెండు పూటలు అన్నము పెట్టు మెస్సును హోటలే. ముల్చేర, అహేరి, ఆలాపల్లి, సిరొంచలలో మన కుటుంబములు పెక్కు ఈ వృత్తిని నమ్ముకొని తరతరములుగా బ్రదుకుచున్నవి. నేను వారిని గూర్చియే మాటలాడుదును. మేడల వారి సంగతి వారు చూచుకొందురు.

వచ్చు 2027వ సంవత్సరము మనకు మామూలు సంవత్సరము కాదు. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ప్రకటించిన తేదీల ప్రకారము జూన్ 26 మొదలు జూలై 7 వరకు గోదావరి పుష్కరములు జరుగును. సిరొంచ చెంతనే ప్రాణహిత గోదావరిలో కలియుచున్నది. ఆవలి ఒడ్డున కాళేశ్వరమున ఒకే పానవట్టముపై కాళేశ్వర, ముక్తేశ్వర లింగములు రెండును వెలసి యున్నవి. అంతర్వాహినియైన సరస్వతియు అచ్చటనే కలియునని పెద్దల విశ్వాసము. అందుచేత ఈ యొక్క సంగమమునకే మూడు నదుల పుష్కరములు దక్కినవి. 2022 ఏప్రిల్ 13 నుండి 24 వరకు ప్రాణహితకు, 2025 మే 15 నుండి 26 వరకు సరస్వతికి పుష్కరములు జరిగినవి. ఇప్పుడు గోదావరి వంతు. ఆరేండ్లు నిండకుండ మూడు పుష్కరములు ఒక్క రేవునకు వచ్చుట సామాన్య విషయము కాదు.

ఈ మాట విని మన యువకులకు ఉత్సాహము కలుగుట సహజము. ఇటీవల నన్ను కలిసినవారిలో ఇద్దరు ముగ్గురు, "అప్పు తెచ్చి పది గదులు వేసిన యెడల పుష్కరములలోనే సగము అప్పు తీరదా?" అని అడిగిరి. వారికి నేను చెప్పిన లెక్కనే ఇచ్చట మనవి చేయుచున్నాను. పది గదులున్న లాడ్జిలో పండ్రెండు దినములకు 120 గది-రాత్రులు. సంవత్సరము మొత్తమునకు 3650. అనగా పుష్కరములలో ఒక్క గదియు ఖాళీ లేకుండ నిండినను, అది సంవత్సరములో నూటికి మూడు పాళ్లకు కొంచెము మించును. పోనీ, మూడు రెట్లు అద్దె వసూలు చేసితి మనుకొందము (అది తగదని ముందు చెప్పబోవుచున్నాను). అప్పటికిని 360 మామూలు రాత్రుల అద్దె వచ్చును. సంవత్సరములో పదియవ వంతైనను నిండదు. మిగిలిన తొమ్మిది వంతులను నింపవలసినది మిగిలిన 353 దినములు. ఆ తరువాత? ప్రాణహిత పుష్కరములు మరల వచ్చుట 2034 ప్రాంతమున. సరస్వతికి, గోదావరికి మరికొన్ని యేండ్లు పట్టును. బ్యాంకువారి వాయిదాలు అంతవరకు ఆగవు.

గోదావరికి అంత్య పుష్కరములు జరుపు ఆచారమున్నది. 2015 జూలై 14 నుండి 25 వరకు ఆదిపుష్కరములు జరిగిన పిమ్మట, 2016లో జూలై 31 నుండి ఆగస్టు 11 వరకు అంత్య పుష్కరములు జరిగినవి. ఈసారియు అట్లు జరిగినచో మరి కొన్ని దినములు మనకు కలిసివచ్చును. లెక్క మాత్రము పెద్దగా మారదు.

ఈ విధముగా నేను జంకుటకు మన ఊరి చరిత్రయే కారణము. 1860లో నిజాము ప్రభువు ఈ తాలూకాలను ఆంగ్లేయులకు వదలిన తరువాత సిరొంచ ఎగువ గోదావరి జిల్లాకు ముఖ్యపట్టణమైనది. ఆనాడు ఆర్థర్ కాటన్ దొర తలపెట్టిన పడవల మార్గము మీద అందరి ఆశలును నిలిచినవి. వార్ధా లోయలోని ప్రత్తి పడవలమీద ప్రాణహితలో దిగి, గోదావరి వెంట సముద్రమునకు చేరునని తలంచిరి. నదిలో మూడుచోట్ల ఉన్న రాతి అడ్డంకులను దాటుటకు హేగ్ దొర పర్యవేక్షణలో పనులు సాగినవి. మొదటి అడ్డంకి దుమ్ముగూడెము వద్ద, రెండవది ఇచ్చంపల్లి వద్ద, మూడవది మన అహేరి సమీపమున దేవలమర్రి వద్ద. 1871లో ఆ పనులు ఆగిపోయినవి. 1874లో జిల్లాయే లేకుండ పోయినది. రేవు పట్టణమగునని తలంచిన సిరొంచ చాందా జిల్లాలో ఒక మారుమూల తాలూకాగా మిగిలినది. 1982 ఆగస్టు 26న గడ్చిరోలి జిల్లా ఏర్పడిన తరువాతను మారుమూలతనము పోలేదు.

అది పాత కథ యందురా? 2019 జూన్ 21న మేడిగడ్డ బ్యారేజి ప్రారంభమైనది. దాని నీటిక్రింద మన సిరొంచ తాలూకా రైతులు కొందరు భూములు పోగొట్టుకొనిరి. అయినను నిండు గోదావరిని చూడవచ్చిన జనమును చూచి టీ అంగళ్లవారు, టిఫినుబండ్లవారు సంతోషించిరి. 2023 అక్టోబరు 21న బ్యారేజి స్తంభములు కొన్ని క్రుంగినవి. చూడదగినదని వచ్చినవారు మానుకొనిరి. నదిని తప్పుపట్టుటకు నేను ఈ మాట చెప్పుటలేదు. నది తన దారిని తాను పోవుచునే యున్నది. దానిచుట్టు మనుష్యులు వేయు పెద్ద పథకమొకదానికే మన చిన్న పెట్టుబడిని కట్టివేయరాదని మాత్రమే నా మనవి.

ఇంకొక సంగతి యున్నది. ఇది నా దృష్టిలో అన్నిటికన్న ముఖ్యము. ఒకప్పుడు సిరొంచకు వచ్చినవాడు ఆగక తప్పెడిది కాదు. పడవ రావలెను, జనము నిండవలెను, గాలి అనుకూలింపవలెను. వానకాలమున ఒక్కొకసారి దినమంతయు రేవున కూర్చుండవలసి వచ్చెడిది. కూర్చున్నవాడు టీ త్రాగును. ఆకలియైన అన్నము తినును. చీకటి పడిన ఎచ్చటనో పడుకొనును. మన తాతల నాటి పూటకూళ్ల ఇండ్లు ఆ నిరీక్షణమీదనే నిలిచినవి. ఇప్పుడు గోదావరిపై వంతెన, ప్రాణహితపై వంతెన, ఇంద్రావతిపై వంతెన వచ్చినవి. నిజామాబాదు నుండి జగదల్పూరు పోవు 63వ జాతీయ రహదారి మన ఊరి మీదుగ పోవుచున్నది. రోగిని మంచిర్యాలకో వరంగల్లుకో తీసికొనిపోవువారికి, చదువుకొను పిల్లలకు, మిరపకాయల బస్తాలు వేసికొని మార్కెట్టుకు పోవు రైతునకు ఈ వంతెనలు దేవుడిచ్చిన వరములు. హోటలువానికి మాత్రము అవి రెండంచుల కత్తి. కారులో వచ్చినవాడు కాళేశ్వరమున దర్శనము చేసికొని, వంతెన దాటి, సంగమము చూచి, గంటలో మరల వంతెన దాటి పోవుచున్నాడు. వెనుక తప్పనిసరియై ఆగినవాడు ఇక మీదట ఇష్టపడి ఆగవలెను. అట్టి ఇష్టమును కలిగించుటయే మన వ్యాపారమునకు వచ్చిన క్రొత్త పరీక్ష.

ఆగుటకు ఇచ్చట ఏమున్నదని కొందరు పెదవి విరిచెదరు. నాకు వారిమీద కోపము వచ్చును. మన కన్నులకు అలవాటుపడినవి గనుక చులకనైనవి. సిరొంచకు దగ్గరలోని కోట గ్రామపు రాళ్లలో ప్రాచీన మత్స్యముల శిలాజములు పందొమ్మిదవ శతాబ్దముననే బయల్పడినవి. లోకమందలి భూగర్భ శాస్త్రజ్ఞులు ఆ జురాసిక్ కాలపు రాతిపొరలకు మన కోట పేరే పెట్టి పిలుచుచున్నారు. వడధంలో శిలాజముల ఉద్యానవనమున్నది. చెట్ల మానులు రాళ్లై పడియున్నవి. సోమనూరు వద్ద ఇంద్రావతి గోదావరిలో కలియు చోటు చూచినవారు మరువరు. కమలాపురమున ఏనుగుల శిబిరమున్నది. మహారాష్ట్ర రాష్ట్రమున అట్టిది ఇదొక్కటియే. కోలామార్కా అడవిలో అడవిదున్నలు కాదు, నిజమైన అడవిబర్రెలు ఇంకను మిగిలియున్నవి. ఆలాపల్లి టేకు వనములను గూర్చి చెప్పనేల? మన ముల్చేరకు చేరువను చాప్రాళా అభయారణ్యము, దానికి దగ్గరనే వార్ధా, వైనగంగలు కలిసి ప్రాణహితగా మారు చోటు. చామోర్షీ తాలూకాలోని మార్కండ దేవాలయముల శిల్పము సరేసరి. ఒక్క దినమున ఇవన్నియు చూచుట సాధ్యము కాదు. సాధ్యము కాకపోవుటయే హోటలువాని అదృష్టము! రెండు రాత్రులు నిలువదగిన సీమ మనది. నిలుపగల గదులు, నిలుపగల భోజనము మాత్రము కొరతగా నున్నవి.

ఇంతకాలము జనము రాకపోవుటకు భయమును ఒక కారణము. అడవిలో ఇరువైపుల తుపాకులున్న చోటికి కుటుంబముతో ఎవరు వత్తురు? 2025 అక్టోబరులో మావోయిస్టు అగ్రనాయకుడు మల్లోజుల వేణుగోపాలరావు అరువదిమందితో గడ్చిరోలిలో ఆయుధములు విడిచిన తరువాత ఆ భయము చాలవరకు సడలినది. ఇది మన సీమకు శుభసూచనయే. కాని, భయము పోయినంత మాత్రమున బాట బాగుపడదు. ఆలాపల్లి నుండి సిరొంచకు సుమారు నూరు కిలోమీటర్ల దూరము. ఆ దారిలో వానకాలము ప్రయాణము చేసినవారికి నేను వర్ణింపనక్కరలేదు. చంద్రపురము, బల్లార్పురముల నుండి బొగ్గుగనులలోను, కాగితపు మిల్లులోను పనిచేయు మన తెలుగువారు పుష్కరములకు ఆ దారినే రావలెను. జూన్ 26 అనగా తొలకరి పడిన దినములు. 2022 జూలైలో గోదావరీ ప్రాణహితలు పొంగి సిరొంచ తాలూకా గ్రామములను ఎట్లు ముంచినవో మరచిపోలేదు. బాట నిలిచిపోయినచో జనము ఆష్టి, ముల్చేర, ఆలాపల్లిలలోనే చిక్కుకొందురు. కావున ఇది సిరొంచవారి సంగతియే యని మనము ముల్చేరలో చేతులు ముడుచుకొని కూర్చుండుటకు వీలులేదు.

ప్రభుత్వము అన్నియు చూచుకొనునని ఆశ పెట్టుకొనకుడు. ఆ 2027లోనే, ఆ గోదావరికే, త్ర్యంబకము నాసికములలో సింహస్థ కుంభమేళా. ఆగస్టు, సెప్టెంబరు నెలలలో ప్రధాన స్నానములు. రాష్ట్రపు ధనము, పోలీసు బలగము, పత్రికల దృష్టి అన్నియు నది పుట్టినచోటికి పోవును. మహారాష్ట్రమును గోదావరి విడుచుచోట ఉన్నవారము మనము. ఆవలి ఒడ్డున తెలంగాణమువారు కాళేశ్వరమున తమ ఏర్పాట్లు తాము చేసికొందురు. నడుమ మన ఘాటులున్నవి. అర్జీలు పెట్టవలసినదే, సంఘము పెట్టుచున్నది కూడ. అర్జీకి జవాబు వచ్చులోపల మన చేతిలోని పని మనము చేయవలెను.

ఆ పనులలో మొదటిది చెప్పుటకు కొందరు సంకోచింతురు. నేను సంకోచింపను. బస్సు దిగిన స్త్రీ మొట్టమొదట అడుగునది టీ కాదు, మరుగుదొడ్డి. అది లేదని చెప్పిన హోటలులో ఆ కుటుంబము కూర్చుండదు. నలుగురు తినవలసిన భోజనము మన చేతినుండి జారిపోవును. గోడకు రంగులు వేయుటకును, గాజు బీరువాలు కొనుటకును వెచ్చించు సొమ్ములో సగము వెచ్చించి నీరు వచ్చు, గడియ పడు, దీపము వెలుగు మరుగుదొడ్డి ఒకటి కట్టించినచో అది పుష్కరములకే కాక పదేండ్లు అన్నము పెట్టును. పిమ్మట, తడిబట్టలు మార్చుకొను చాటు. 2022లో ఏప్రిల్ ఎండలకు జనము మజ్జిగకును నీటికిని ఎగబడిరి. ఈసారి వానలో తడిసి వత్తురు. వారికి కావలసినది పొడిచోటు, వేడి టీ, ఆరవేయుటకు దండెము. పుష్కరము పుష్కరమునకు వ్యాపారము మారునని ఎరుగవలెను.

ధరల విషయము. పుష్కరములలో ఇడ్లీ ప్లేటు ధర ఆకాశమునకెక్కించువారు ఎల్లచోట్ల నుందురు. వారు ఎక్కువగా బయటనుండి పండ్రెండు దినములకు వచ్చి పదమూడవ దినమున పోవువారు. వారికి మరల మన ముఖము చూడవలసిన పనిలేదు. మనకు అట్లు కాదు. ఈనాడు దోచుకొన్న మంచిర్యాల కుటుంబము దీపావళి సెలవులలో ఏనుగులను చూడరాదు. చేతిలోని ఫోనులో మన అంగడి బొమ్మ క్రింద రెండు మాటలు వ్రాసిపెట్టి పోవును. కావున ధరలను బోర్డుమీద వ్రాసి కట్టుడు. బోర్డు మాట వచ్చినది గనుక: 2022లో రాష్ట్రము చేసిన సవరణ ప్రకారము అంగళ్ల పేర్లు దేవనాగరి లిపిలో మరాఠీలో నుండవలెను; ఇతర భాషల అక్షరములు మరాఠీ అక్షరములకన్న పెద్దవిగా నుండరాదు. అంతేకాని తెలుగు వ్రాయరాదని ఎచ్చటను లేదు. పైన మరాఠీ, క్రింద తెలుగు వ్రాయించుడు. కరీంనగరము నుండి వచ్చిన వృద్ధురాలికి పరాయి రాష్ట్రమున తన లిపిలో "భోజనము" అను మాట కనబడిన ఎంత ధైర్యము!

ఆ బోర్డు వ్రాయువారెవరు? ఇది నన్ను బాధించుచున్న విషయము. మన పిల్లలు ఇంట తెలుగు మాటలాడుదురు, బడిలో మరాఠీ చదువుదురు, సంతలో మాడియా గోండులతో గోండీ మాటలాడుదురు. మూడు భాషల నోరుగల ఇట్టి పిల్లవాడు నాగపురములో గాని హైదరాబాదులో గాని దొరకడు. అతిథులకు దారి చూపుటకు, వారితో మంచిగా మెలగుటకు ఇంతకన్న యోగ్యుడెవడు? కాని తెలుగు పలుకగలవానికి తెలుగు వ్రాయరాదు. పైగా వాడు హైదరాబాదులో ఏదో హోటలున బల్లలు తుడుచుటకు పోవుచున్నాడు. ఇచ్చట మనము ఒరిస్సానుండి వంటవానిని రప్పించుకొనుచున్నాము. సంఘము సెలవులలో నెలదినములు అక్షరములు నేర్పినచో చాలును. ధరల పట్టిక వ్రాయుటకును, అతిథి పుస్తకమున పేరు వ్రాసికొనుటకును కావలసినంత తెలుగు వచ్చును. భాష నిలువవలెనని సభలలో చేయు తీర్మానములకన్న, ఆ భాషవలన పిల్లవానికి జీతము వచ్చు ఉపాయమొకటి నాకు మేలుగా తోచుచున్నది.

పన్నుల సంగతి క్లుప్తముగా చెప్పెదను. దినమునకు వేయి రూపాయలు మించని గదులకు పూర్వము జీ.ఎస్.టీ. లేదు. 2022 జూలై 18 నుండి వానికిని నూటికి 12 వేసిరి. 2025 సెప్టెంబరు 22 నుండి 7500 రూపాయల వరకు గల గదులకు అది 5కు తగ్గినది. మన గదులన్నియు ఈ తరగతిలోనివే. సంవత్సరమునకు మొత్తము రాబడి 20 లక్షలు దాటని చిన్న లాడ్జివారు సాధారణముగా ఈ పన్ను క్రింద నమోదు కానక్కరలేదు. వంటయింటికి ఆహార భద్రతా సంస్థవారి నమోదు మాత్రము ఎంత చిన్న అంగడికైనను తప్పదు. ఇంటి గ్యాసు బండతో హోటలు వంట చేయకుడు. పుష్కరముల రద్దీలో తనిఖీకంటె అగ్నిప్రమాదమునకు ఎక్కువ భయపడవలెను.

స్త్రీలకు ఒక మాట. అన్నము అమ్ముకొనుట పాపమని భావించిన కాలముననే మన తెలుగునాట పూటకూళ్లమ్మలు బాటసారుల ఆకలి తీర్చిరి. భర్త పోయిన ఇల్లాలికి ఆనాడు దొరకిన గౌరవమైన జీవనోపాధి అది. ఈ రాష్ట్ర ప్రభుత్వము 2023లో "ఆయీ" యను పేర స్త్రీల పర్యాటక వ్యాపారములకు పథకమొకటి తెచ్చినది. స్త్రీల యాజమాన్యమున నడుచు సంస్థ 15 లక్షలవరకు బ్యాంకు అప్పు తెచ్చికొన్నచో దాని వడ్డీని ఒక పరిమితివరకు ప్రభుత్వమే తిరిగి యిచ్చును. క్రొత్త మేడ కట్టుటకు కాక, ఉన్న ఇంటిలో రెండు గదులు బాగుచేసి అతిథుల కిచ్చుటకు ఈ సాయము చక్కగా సరిపోవును. అట్టి గదులు పుష్కరములలో యాత్రికులకు, మిగత దినములలో సూర్జాగఢ్ గనికిని కోన్సరి కర్మాగారమునకును వచ్చిపోవు ఇంజనీర్లకు, డ్రైవర్లకు పనికివచ్చును. ఎవరును రాని దినమున ఇంటివారికే పనికివచ్చును. ఖాళీ లాడ్జివలె నోరు తెరచుకొని వడ్డీ అడుగవు.

భోజనము గూర్చియు చెప్పవలెను. నగరమునుండి వచ్చినవానికి నగరపు పన్నీరు కూర పెట్టిన వాడేమి గుర్తుంచుకొనును? ప్రాణహిత చేపల పులుసు, సిరొంచ మిరప కారము, జొన్నరొట్టె, వానకాలపు వెదురు కొమ్ముల కూర – ఇవి మరియొకచోట దొరకవు. మన ముల్చేరలో బెంగాలీ సోదరులు చేయు రసగుల్లాలను వారి పేరు చెప్పియే మన బల్లమీద పెట్టుడు. పుష్కర దినములలో శాకాహారము వేరుగా, పాత్రలు వేరుగా నుంచవలెనని వంటవారికి ముందే చెప్పుడు.

ఇప్పుడు చేయవలసినది ఒకటి. ముల్చేర మొదలు సిరొంచ వరకు మన కుటుంబముల అధీనములో నున్న గదులెన్ని, మంచములెన్ని, మరుగుదొడ్లెన్ని, ఒక్కపూట ఎందరికి వండగలరు, వానలో జనము చిక్కుకొన్న యెడల ఎందరిని రాత్రి ఉంచుకొనగలరు, మామూలు దినపు అద్దె ఎంత, పుష్కర దినపు అద్దె ఎంత – ఈ వివరములు ఒక కాగితముపై వ్రాసి వచ్చు సమావేశమునకు తెండు. తెలుగున వ్రాయలేనివారు మరాఠీలో వ్రాయవచ్చును. పట్టికను ఈ పత్రికలో ప్రకటించి, ప్రతులు బల్లార్పురము, చంద్రపురము, మంచిర్యాలలలోని మన బంధువులకు పంపవలెనని నా కోరిక. అద్దె గడిని మాత్రము ఎవరును ఖాళీగా విడువకుడు.